పేరు మీద మడత

ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టయింది నా పని. రెండు విమానాలెక్కి దిగి, మూడు చోట్ల బెల్టు విప్పి చేతులెత్తి నిలబడి, సముద్రాలు దాటుకుని ఇంత దూరం వచ్చినవాణ్ణి, ఆఖరి తలుపుకి నాలుగు బారల ఇవతల, ఈ గదిలో, ఈ బూడిదరంగు కుర్చీలో కూలబడ్డాను. ఆ తలుపు అవతల మా ఆవిడ నిలబడి ఉంటుంది. ఉంటుందేమిటి, ఉండి తీరుతుంది. డ్యూటీకైనా పెళ్ళికైనా అందరికంటే ముందొచ్చే మనిషి, మా పెళ్ళికి కూడా నాకంటే ముందొచ్చి రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద కూచుంది. ఏడాదిన్నరగా ఫోనులో అరచేయంత మొహం చూస్తున్నాను, ఈ పూట నిలువెత్తు మనిషిని చూద్దామనుకుంటే ఇదిగో, ఈ గది. కౌంటరు దగ్గరి అధికారి చెడ్డవాడేం కాదు, అబద్ధం చెప్పకూడదు, నవ్వుమొహమే. పాస్‌పోర్టు చూశాడు, పెళ్ళి సర్టిఫికెట్టు చూశాడు, మళ్ళీ పాస్‌పోర్టు చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. పాస్‌పోర్టులో ఒక ఇంటిపేరు, పెళ్ళి సర్టిఫికెట్లో ఇంకో ఇంటిపేరు. నాకిచ్చిన వీసా చూస్తే ఫలానా ఆవిడ మొగుడు అన్న ఒక్క ముక్క మీద నిలబడ్డ వీసా. మరి ఫలానా ఆవిడ పెళ్ళాడింది ఎవర్నయ్యా, నిన్నా, ఈ కాయితంలో ఉన్నాయన్నా అని ఆయన సందేహం. న్యాయమైన సందేహమే. ఇద్దరూ నేనే బాబూ, పేరు మార్చుకున్నాను అన్నాను, నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో. ఏదీ, ఆ మార్చుకున్న కాయితం చూపించు అన్నాడు. కాయితం ఉంది, లేకపోవడమేం, ముద్ర వేసి మరీ ఉంది. కానీ చేతిసంచిలో లేదు. పెట్టెలో ఉంది. పెట్టె ఈ విమానాశ్రయం కడుపులో ఎక్కడో తిరుగుతోంది. పట్టుకొస్తామన్నారు. దొరికితే సరే, దొరక్కపోతే, దొరికినా కాయితం పాడైపోయుంటే, సాయంత్రం విమానానికి వచ్చిన దారినే పంపించేస్తారట. అది కూడా నవ్వుమొహంతోనే చెప్పాడు.

చెప్పింది, చిలక్కి చెప్పినట్టు చెప్పింది మా ఆవిడ. "కాయితాలన్నీ చేతిసంచిలోనే పెట్టుకో పెయింటరుగారూ, ఒక్కటి కూడా పెట్టెలో వెయ్యకు, ఆ సంచి ఒళ్ళోంచి దించకు." దించలేదే! విమానంలో భోజనం కూడా సంచి ఒళ్ళో పెట్టుకుని దాని మీదే తిన్నాను, పక్కాయన ఇదేం చోద్యమని చూశాడు. అన్ని కాయితాలూ సంచిలోనే ఉన్నాయి, ఒక్క పేరు కాయితం తప్ప. అది మామూలు కాయితం కంటే పొడుగు, సంచిలో పెట్టాలంటే మధ్యకి మడవాలి, మడిస్తే ఆ మడత సరిగ్గా పేరు మీద పడుతోంది. ఇటు తిప్పి చూశాను, అటు తిప్పి చూశాను, ఎటు మడిచినా పేరు మీదే. ముప్ఫయ్యేళ్ళుగా బోర్డులు రాసేవాణ్ణి, పేరు మీద మడత ఎలా పెడతాను? మా గురువు బతికుంటే చేతికింద ఆన్చుకునే కర్ర తీసుకుని వీపు పగలగొట్టేవాడు. పేరు గీసిన కాయితం చుట్టాలే గాని మడవకూడదురా, మడత అక్షరం మీద పడితే అక్కణ్ణుంచి బోర్డుకెక్కుతుంది, బోర్డు మీంచి షాపుకెక్కుతుంది, ఇక ఆ షాపు లేవదు, అనేవాడు. అందుకని చుట్టాను. చుట్టిందాన్ని ఎక్కడ పెడతాం, గొట్టంలో పెడతాం. గొట్టంలో ఏముంటాయి, నా ఉడుతతోక బ్రష్షులుంటాయి. గొట్టాన్ని చేతిలో పట్టుకుని వస్తే బయల్దేరిన విమానాశ్రయం గుమ్మం దగ్గరే కాపలా వాడు కర్రలాంటిదేదో ఉందే, విమానంలోకి కుదరదు, పెట్టెలో పడెయ్యి అన్నాడు. పడేశాను. ఆ క్షణంలో బ్రష్షులు గుర్తొచ్చాయి గాని కాయితం గుర్తు రాలేదు చూడండి! అదొక్కటే అయినా బాగుండేది. వెంట్రుకలు ఎండిపోకుండా బ్రష్షులకి కొబ్బరినూనె దట్టంగా పట్టించి మరీ పెట్టాను. పైన చలికి గడ్డకట్టి, దిగాక కరిగి, ఈపాటికి ఆ కాయితం అప్పడమైపోయి ఉంటుంది. తెలివితక్కువ దద్దమ్మా అని ఆవిడ తిట్టదు. తిడితే బాగుండును.

ఎదురుగోడ మీద ఒక బోర్డుంది. నాకు భాష తెలీదు, కానీ అక్షరాన్ని చూడ్డానికి భాష అక్కర్లేదు. అక్షరానికీ అక్షరానికీ మధ్య వదిలిన చోటు చూడాలి. ప్లాస్టిక్కు కోసి అతికించిందే, చేత్తో రాసింది కాదు, అయినా చోటు విలువ తెలిసినవాడెవడో దగ్గరుండి పెట్టించాడు, వాడికో దండం. మూడు పదాలు, రెండోదాని కింద గీత. మాట్లాడరాదు అనో, ఫోను వాడరాదు అనో అయ్యుంటుంది. రాదు అనే బోర్డులు ఏ దేశంలోనైనా మొహం చూస్తే తెలిసిపోతాయి. నేనూ రాశాను అలాంటివి బోలెడు. ఆసుపత్రి వరండాలో నిచ్చెనేసుకుని 'నిశ్శబ్దం పాటించండి' అని రాస్తున్నాను ఓ రోజు. ఒత్తుల పదం, ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయాలి, నాకేమో మనసు పెట్టి రాసేటప్పుడు పాట వస్తుంది, ఒత్తులున్న పదానికి మరీ గట్టిగా వస్తుంది. కింద నుంచి ఒక గొంతు, "పెయింటరుగారూ, రాయడం అయ్యాక అదోసారి మీరు కూడా చదువుకోండి." చూస్తే తెల్ల దుస్తుల్లో ఒక నర్సు, చేతిలో ట్రే, మొహంలో కోపమూ లేదు నవ్వూ లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. నిచ్చెన మీదే నోరు మూసుకున్నాను. ఆ రోజంతా మళ్ళీ పాట రాలేదు, దిష్టి తగిలినట్టు.

అదే ఆసుపత్రిలో అదే వరండా పక్క వార్డులో ఆర్నెల్ల తర్వాత నేనే రోగినయ్యాను. మూడంతస్తుల షాపుకి బోర్డు రాస్తుంటే కట్టిన తాడు జారింది, తొడ ఎముక విరిగింది. కాలికి బరువు కట్టి పడుకోబెడితే మనిషికి కళ్ళు తప్ప పనేముంటుంది, చూస్తూ పడుకున్నాను. చూసింది ఎక్కువగా ఆ నర్సునే. ఆవిడ దుప్పటి పరిచేది చూడండి, ఒక్క లాగు, అంతే, మధ్యలో ముడత ఉండదు. నేను ఊపిరి బిగబట్టి నిలువుగీత లాగినట్టు లాగేది. ఓ ముసలాయనకి నరం దొరకడం లేదని ముగ్గురు పొడిచి పొడిచి వదిలేశారు. ఈవిడ వెళ్ళి పక్కన కూచుని, ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "మనవలెంతమంది తాతా, పేర్లు చెప్పు" అంది. మూడో మనవడి పేరు చెప్పేలోపు సూది ఎక్కింది, ఆయనకి తెలియనే లేదు, నాలుగోవాడి పేరు చెప్పుకుంటూ పోతున్నాడు. పక్కమంచం మీంచి నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, వరండాలో నేను రాసిన బోర్డు గుర్తొచ్చి ఊరుకున్నాను. కాలి కట్టు విప్పాక నడవమన్నారు. నా వల్ల కాదు పొమ్మన్నాను, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అప్పుడైతే మరీను. "మీ వల్ల కాదని నాకూ తెలుసులెండి. మిమ్మల్నెవరు అడిగారు, మీ కాలుని అడుగుతున్నా" అని నా కాలు వైపే చూస్తూ నిలబడింది. ఏం చేస్తాను? నడిచాను. ఇవాళ సముద్రాలు దాటి వచ్చానంటే ఆ రెండడుగులే మొదలు.

ఇంటికెళ్ళాక ఊరుకుంటానా. వరండాలో బోర్డు రంగు తేలిందని చెప్పి ఒకసారి, ఒత్తు కాస్త లావు చెయ్యాలని ఇంకోసారి, మూడోసారికి ఏం చెప్పాలో తోచక బ్రష్షు పట్టుకుని ఊరికే నిలబడ్డాను. "ఆ గోడకి ఇంక రంగు అక్కర్లేదు. అడగాల్సిందేదో అడిగేసి వెళ్ళండి, నాకవతల డ్రెస్సింగులున్నాయి" అంది. అడిగాను. నాకు నలభై దాటింది, ఆవిడకి నలభై దగ్గర పడింది. నా మిత్రులు ఊరుకుంటారా, అన్నాళ్ళూ సిస్టర్ సిస్టర్ అని పిలిచి పెళ్ళి చేసుకున్న మొనగాడు వీడొక్కడే అని పెళ్ళిరోజున పడీ పడీ నవ్వారు. నవ్వనీ. నవ్వని రోజు నాకు ఆవిడతో ఒక్కటి లేదు. ఆవిడకి అన్నీ వచ్చు, ఒక్క చేతిరాత తప్ప. పచారీ చీటీ రాసిస్తే షాపువాడు మందుల కొట్టుకి పొమ్మనేవాడు. ఎడమ నుంచి ఇంతింత అక్షరాలు మొదలుపెడుతుంది, కుడివైపు వచ్చేసరికి చోటు చాలక ఆఖరివి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూచుంటాయి. మధ్యక్షరం ఏదో ముందు చూసుకోవాలి, అక్కణ్ణుంచి అటూ ఇటూ పోవాలి, ఇది పలక పట్టుకున్న పిల్లకైనా వస్తుంది అని ఎన్నిసార్లు చెప్పానో. "నాకు మొదలు దగ్గర మొదలుపెట్టడమే వచ్చు" అనేది.

అలాగే మొదలుపెట్టింది, ఈ దేశం సంగతి కూడా. నలభై ఒకటో ఏట ఓ సాయంత్రం వచ్చి, అక్కడ నర్సులు కావాలట, భాష నేర్చుకుని పరీక్ష రాయాలట, రాస్తాను అంది. ఫ్లెక్సీలొచ్చి నా పని అప్పటికే సగం పోయింది, ఆవిడ ఆ మాట మాత్రం నోట్లోంచి రానివ్వలేదు, నాకు ఆ దేశం చూడాలనుంది పెయింటరుగారూ అంది, అంతే. పగలు వార్డు, సాయంత్రం క్లాసు, కుక్కరు కూత పెట్టేలోపు పది పదాలు. నేనేం చెయ్యగలను? ఇంట్లో వస్తువులన్నిటి మీదా వాటి పేరు ఆ భాషలో రాసిపెట్టాను, ఆవిడ పుస్తకంలోంచి చూసి, చుక్క తప్పకుండా. తలుపు మీద తలుపు, గోడ మీద గోడ, అద్దం మీద అద్దం, బియ్యం డబ్బా మీద బియ్యం. ఇల్లంతా బజారైపోయింది. మొదటిసారి పరీక్ష పోయింది. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పి, బియ్యం డబ్బా మీది మాట పైకి చదివి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. ఏడుస్తుందేమో, ఏం చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటుంటే ఆవిడ రెండోసారికి తారీఖు వెతుక్కుంటోంది. అలాంటి మనిషిని ఏమనాలి? నాకు మాట దొరకలేదు, ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను. రెండోసారికి గెలిచింది. ఇక్కడికొచ్చాక పదిహేనేళ్ళ అనుభవం పక్కనపెట్టి మొదట్లో పక్కబట్టలు మార్చే పనిచ్చారు. నాకు ఒళ్ళు మండింది. ఫోనులో నవ్వుతోంది, "దుప్పటి ఏ దేశంలోనైనా దుప్పటే, నువ్వు నీ బీపీ చూసుకో" అని. ఇప్పుడు రాత్రి డ్యూటీలో వార్డు మొత్తం ఆవిడ చేతి కిందే.

ఓ మూల కుర్చీలో ఒకావిడ నిద్రపోతున్న పిల్లని భుజం మార్చుకుంది. ఆవిడదేం కథో. నా పెట్టె ఇంకా రాలేదు. గోడ గడియారం మాత్రం ఎవరి కోసమూ ఆగేలా లేదు. పేరు సంగతి తలుచుకుంటే నా మీద నాకే నవ్వొస్తుంది, నవ్వుతో పాటు చెప్పులో రాయిలా ఇంకొకటీ వస్తుంది. నా వీసా కోసం ఆవిడ తంటాలు పడుతున్న రోజుల్లో, మా వీధి చివర ట్రావెల్సువాడు, మొగుడూ పెళ్ళాల ఇంటిపేరు ఒకటైతే పని చిటికెలో అవుతుందండీ, లేకపోతే తిప్పుతారు అన్నాడు. మా పెళ్ళికి ఆవిడ పేరు మార్చుకోలేదు, నేనూ అడగలేదు. ఆ మాట ఫోనులో చెబితే, "అవునా, అయితే నేను మార్చుకుంటాలే" అంది, కూరలో ఉప్పు చూస్తానన్నంత తేలిగ్గా. ఆవిడ మార్చుకోవడమంటే నర్సింగు లైసెన్సు, ఆ పరీక్ష సర్టిఫికెట్టు, ఇక్కడి ఉద్యోగం, అన్నిటి మీదా మళ్ళీ రాయించాలి. అంత కష్టపడి సంపాదించిన కాయితాల మీద ఆ పేరు ఉంటే, దాన్ని చెరపడానికి నాకు చెయ్యి ఎలా వస్తుంది? నాకేమున్నాయి సర్టిఫికెట్లు? నా పేరున్నవి బోర్డుల మూలలు. ప్రతి బోర్డుకీ కింద కుడివైపు చిన్నగా మా ఇంటిపేరు రాసి పక్కన ఆర్ట్స్ అని పెట్టేవాణ్ణి, మూడక్షరాలు, మధ్యదానికి కింద ఒత్తు. ఆ బోర్డులూ ఒక్కొక్కటే దిగిపోతున్నాయి. షాపు చేతులు మారితే పాత పేరు మీద తెల్లరంగు కొట్టి కొత్త పేరు రాయడం నాకు రోజూ ఉండే పనే, మనిషి పేరేమైనా గొప్పదా? ఆవిడకి చెప్పకుండా వెళ్ళి ఆవిడ ఇంటిపేరు నేను పెట్టుకుని వచ్చాను.

అన్నయ్య ఇంటి మీదికొచ్చినంత పని చేశాడు. "మన ఇంటిపేరు ఏం పాపం చేసిందిరా? తాతల నాటి పేరు వదిలేసి పెళ్ళాం పేరు తగిలించుకుంటావా, నలుగురూ నవ్వరూ?" "వదిన వచ్చి నీ పేరు పెట్టుకున్నప్పుడు ఆవిడ ఇంటిపేరు ఏం పాపం చేసిందని అడిగావా అన్నయ్యా?" అన్నాను. లోపల వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. నేను చెప్పులేసుకుంటుంటే వదిన గుమ్మం దాకా వచ్చి, "మా ఇంటిపేరేమిటో మీ అన్నయ్యకి గుర్తుందంటావా మరిదీ?" అంది మెల్లగా. నవ్వుతూనే అంది గాని నేను నవ్వలేకపోయాను. మర్నాడు బ్రష్షులు పట్టుకెళ్ళి, ఆవిడ కుట్టుమిషను మెడ మీద ఆ ఇంటిపేరు బంగారురంగులో రాసిచ్చాను. కొంగుతో తుడిచి తుడిచి చూసుకుంది. అన్నయ్య పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఫ్లెక్సీషాపువాడైతే బజార్లో పట్టుకున్నాడు, ఇకనుంచి నువ్వు డిపెండెంటువన్నమాట, పెళ్ళాం సంపాదిస్తే కూచుని తింటావన్నమాట అని. "నీ ఫ్లెక్సీ కరెంటు మీద డిపెండెంటురా, నేను మా ఆవిడ మీద డిపెండెంటుని. కరెంటు పోతుంది, మా ఆవిడ పోదు" అన్నాను. టీకొట్టు దగ్గరున్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. వాళ్ళకి చెప్పగలిగాను. ఆవిడకే చెప్పడం రాలేదు. ఫోను చేసి, ఇలా చేశాను అన్నాను, సంబరంగా. అవతల మాట లేదు. ఫోను పోయిందేమో అనుకున్నాను, వెనకాల వార్డులో ఏదో బండి చక్రాల చప్పుడు వినిపిస్తూనే ఉంది. చాలాసేపటికి, "ఎందుకు చేశావు?" అంది. ఆ తర్వాత, "ఇక్కడ మొగుడికో పేరు పెళ్ళానికో పేరున్నా ఎవరూ పట్టించుకోరట, నిన్ననే కనుక్కున్నాను" అంది. ఆ తర్వాత, "సరే, నేను చూసుకుంటాలే" అంది. చూసుకుంది. పాత పేరుతో పెట్టిందంతా కొత్త పేరుతో మళ్ళీ మొదటినుంచీ పెట్టింది, విసుక్కోలేదు, ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నాకు రాయిలా గుచ్చుకుంటోంది. సంతోషించిందా? నొచ్చుకుందా? అక్కర్లేని పని చేసి నెత్తి మీదికి తెచ్చాడనుకుందా? తెల్లరంగు ఎన్ని పూతలేసినా పొద్దున్నే ఏటవాలు ఎండ పడితే పాత అక్షరాలు కింద నుంచి ఉబ్బెత్తుగా కనబడతాయి, అది చూసినప్పుడల్లా షాపువాళ్ళు నన్ను పిలిచి తిడతారు. ఆ మౌనం కింద ఆవిడ ఏం రాసుకుందో చూద్దామంటే నాకు ఇంతవరకూ ఆ ఎండ పడలేదు.

తలుపు తెరుచుకుంది. పెట్టె అనుకుని లేచాను, కాదు, నవ్వుమొహం అధికారి. ఇప్పుడు నవ్వు కాస్త తగ్గింది. చేతిలో ఫోను బల్ల మీద పెట్టి మీట నొక్కాడు. అందులోంచి తెలుగు! ఎక్కడో కూచున్న దుబాసీ అమ్మాయి. "నమస్కారం అంకుల్. బయట మీ మిసెస్‌తో వీళ్ళు మాట్లాడారు. ఎవరి కోసం వచ్చారని అడిగితే ఆవిడ మీ పాత పేరు చెప్పారట. తర్వాత సర్దుకుని కొత్త పేరు చెప్పారట. భార్యకే సరిగ్గా తెలీకపోతే ఎలా అని సార్ అడుగుతున్నారు." ఆవిడా తడబడింది? వెయ్యి మందుసీసాల్లో ఒక్కటి తప్పు తియ్యని మనిషి, తన ఇంటిపేరే చెప్పాల్సిన చోట నా పాత పేరు చెప్పిందా? సరిగ్గా ఈ పూటే చెప్పాలా! కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందొచ్చిందో తెలీదు. "అలవాటమ్మా, ఆవిడకి ఆ పేరే అలవాటు" అన్నాను. ఆయన ఏదో అడిగాడు. "ఆవిడ గురించి మీకేం తెలుసో చెప్పమంటున్నారు. భర్తకి తెలిసేవి."

భర్తకి తెలిసేవి! ఇంతకాలం ఎవడూ అడగలేదు నన్ను ఆ మాట. మొదలుపెట్టాను. నిశ్శబ్దం బోర్డు చెప్పాను. దుప్పటి చెప్పాను. ముసలాయన మూడో మనవడు చెప్పాను. నా కాలుని అడిగిన సంగతి చెప్పాను, లేచి నడిచి చూపించాను కూడా, ఎడమకాలు కొంచెం కుంటుతుంది, చూడండి అని. పరీక్ష పోయిన రోజు బియ్యం కడిగింది చెప్పాను. చెయ్యి తీసుకుంటే రోగి నరం కనబడుతుందనీ, చీటీ రాస్తే మాత్రం ఎవరికీ ఒక్క అక్షరం కనబడదనీ చెప్పాను. చెబుతున్నకొద్దీ ఇంకా ఉంది, తవ్వుతున్నకొద్దీ ఊరుతోంది. ఫోనులో పిల్ల మొదట వాక్యం వాక్యం చెప్పింది, తర్వాత వెనకబడింది, "అంకుల్, అంకుల్, ఒక్క నిమిషం, ఇంత నేను చెప్పలేను" అంది, ఆ గొంతులో నవ్వో మరొకటో తెలీదు. ఆయన చెయ్యెత్తి చాలన్నాడు. కాయితం మాత్రం చూడాలి అన్నాడు.

అప్పుడొచ్చింది పెట్టె. గొట్టం మూత తిప్పాను. గది గదంతా కొబ్బరినూనె వాసన. బ్రష్షులు తీసి బల్ల మీద పెట్టాను. లోపల చుట్ట. విప్పితే, దేవుడి దయ, చిరగలేదు. ఒక పక్కంతా నూనె తాగి అవతలున్నది కనబడేలా పలచబడింది, ముద్ర దగ్గర నీలంరంగు మరక అంటింది, కానీ రెండు పేర్లూ ఉన్నాయి, పాతదొకటి, కొత్తదొకటి, రెండింటి మీదా ఒక్క మడత లేదు. ఆయన కొసలు రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకెత్తి చూశాడు, పెళ్ళి సర్టిఫికెట్టు పక్కన పెట్టి చూశాడు, చేతికంటిన నూనె చూసుకున్నాడు. పాస్‌పోర్టు మీద దబ్బుమని ముద్ర పడింది. వెళ్ళమని తలుపు వైపు చెయ్యి చూపించాడు.

తలుపు తెరుచుకుంటే అవతల జనం. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బోర్డు, అన్నీ అచ్చు అక్షరాలే, కొందరికైతే ఫోనులోనే మెరిసిపోతున్నాయి పేర్లు. వాటి మధ్యన ఒక అట్టముక్క, ఏదో పెట్టెని కోసినట్టుంది, దాని మీద నీలంరంగుతో చేతిరాత. ఈ జనంలో నేను తప్ప చదివేవాడు లేని తెలుగు. ఎడమవైపు మొదటి అక్షరం ఇంత లావున మొదలై, రెండోది దాన్ని తోసుకుంటూ, దాని ఒత్తు కిందికి వేలాడుతూ, మూడోది చోటు చాలక నిలువునా నొక్కుకుపోయి, ఆర్ట్స్ అన్నది మరీ చీమల బారులా అంచు మీదికెక్కి ఉంది. మా ఇంటిపేరు. నా పాత ఇంటిపేరు. అట్ట పైన మా ఆవిడ మొహం, కాస్త చిక్కింది, చెంప దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు ఫోనులో కనబడనివి. దగ్గరికెళ్ళాను.

"మధ్యక్షరం నుంచి మొదలుపెట్టాలని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాను.

"చాలాసార్లు."

"ఆ పేరు ఇప్పుడు లేదు కదే. చెరిపేశాను కదా."

"చెరపడం నీకొచ్చిన పని పెయింటరుగారూ. నాకు రాదు" అంది. అని, నా వైపు చూడలేక కాబోలు, సంచిలో పట్టించడానికి ఆ అట్టని మధ్యకి మడవబోయింది. గభాల్న చెయ్యి పట్టుకుని ఆపాను. ఏమిటన్నట్టు చూసి, అర్థమై, అలాగే నిలబడింది. బస్సు దాకా ఆ అట్టని చెరో కొసా పట్టుకుని నడిచాం.